శనిగారి గాజు

మొన్న సాయంత్రం పక్కింటి వదినగారు నా పిండి జల్లెడ తిరిగి ఇవ్వడానికి వచ్చి, ఇచ్చి, వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. ఆమె కోడలి జాతకంలో శని ప్రవేశించాడట. ఎవరో చూసి చెప్పారట. ఆ సంగతి చెప్పి, మా డాబా మెట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "మీరు రోజూ ఆయన్ని చూస్తా ఉంటారు గదా, ఎప్పుడు పోతాడో కాస్త కనుక్కొని చెప్పకూడదా?" అన్నారు. నేను ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. గ్రహాల గురించి పిల్లలు నన్ను అడగని ప్రశ్న లేదు. కానీ శనిగారింటి మనిషిలా చూసి సిఫారసు చెయ్యమన్నది మాత్రం ఈవిడ ఒక్కరే. నవ్వొచ్చింది. నవ్వితే నొచ్చుకుంటారని, "చూస్తాలెండి వదినగారూ" అన్నాను. ఆమె తృప్తిగా వెళ్ళిపోయారు. నేను జల్లెడ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆయన నా సిఫారసు వినేవాడే అయితే, మా అక్క అయిదేళ్ళపాటు నాతో మాట్లాడకుండా ఉండేదే కాదు.

నేను నరసరావుపేటలో ఒంటరిగా ఉంటాను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. ఉద్యోగం చివరి సంవత్సరాల్లో ఒక టెలిస్కోప్ తెప్పించుకున్నాను. ఆ పొడుగాటి అట్టపెట్టె దిగిన రోజు వీధంతా గీజర్ అనుకుంది. సంగతి తెలిశాక, ఆడమనిషి పొద్దుగూకగానే ఒక్కతే డాబా ఎక్కడమేమిటని కొన్నాళ్ళు చెవులు కొరుక్కుని, తరువాత అలవాటుపడిపోయారు. ఫోటోలు తీయడం అనుకున్నంత గొప్పగా ఏమీ ఉండదు. చంద్రుడు ఫరవాలేదు, దగ్గరివాడు, ఓపికగా నిలబడతాడు. గ్రహాలతోనే తంటా. మా పల్నాడు ఎండకి డాబా పగలంతా కాగి, సాయంత్రం నుంచి ఆ వేడిని పైకి వదులుతుంది. ఆ గాలిలోంచి చూస్తే గ్రహం మరిగే ఎసట్లో మెతుకులా ఎగురుతూ ఉంటుంది. అందుకని నాలుగింటికే బకెట్లతో నీళ్ళు మోసి డాబా అంతా తడుపుతాను. కంటితో చూసే అద్దం తీసేసి, ఆ చోట చిన్న కెమెరా బిగించి, రెండు మూడు నిమిషాలు వీడియో తీస్తాను. అందులో వేల బొమ్మలు ఉంటాయి, చాలావరకు అలుక్కుపోయినవే. కంప్యూటరు బియ్యంలో రాళ్ళేరినట్టు వాటిని ఏరి పారేసి, మంచివాటిని ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. అప్పుడు తెర మీద నెమ్మదిగా ఒక గ్రహం తేరుకుంటుంది. ప్రతిసారీ ఆ క్షణంలో నేను పక్కకి తిరుగుతాను. "చూడు" అనడానికి అక్కడ ఎవరూ ఉండరు. అలాంటప్పుడు నేను చూసింది కూడా సగమే చూసినట్టు ఉంటుంది.

అట్లా "చూడు" అనగలిగిన ఒకే ఒక్క మనిషి మా బావ, అక్క మొగుడు. దుర్గి దగ్గర పల్లెలో మిరప రైతు. ట్రాక్టరు సామాన్ల కోసం పేటకి వచ్చినప్పుడల్లా పని చూసుకుని మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, నాతోపాటు డాబా ఎక్కేవాడు. దుర్గిలో రాతిపనివాళ్ళు నవగ్రహాలు చెక్కుతుంటే చిన్నప్పటి నుంచి చూసినవాడు ఆయన. శని అంటే ఆయనకి నల్లరాతి విగ్రహం, నువ్వులనూనె, మొహంలోకి సూటిగా చూడకుండా ప్రదక్షిణ చేసి, వెనక్కి తిరక్కుండా వచ్చి కాళ్ళు కడుక్కోవడం. అలాంటివాడు మొదటిసారి టెలిస్కోప్‌కి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి, "ఓరినీ! ఈయన గాజేసుకున్నాడేంది మరదలా!" అన్నాడు. ఆ ఏడాది శని చుట్టూ ఉండే వలయాలు బాగా విచ్చుకుని ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు నేను బోర్డు మీద బొమ్మ గీసి, రింగులు, రింగులని అరిచి చెప్పిన వాటికి ఇంత చక్కటి మాట ఉందని నాకు తెలియనే తెలియదు. అప్పటినుంచి మా ఇద్దరికీ అది గాజే. "గాజు ఎట్లా ఉంది మరదలా?" అని ఫోన్లో కూడా అడిగేవాడు. అక్క మాత్రం ఎన్నిసార్లు పిలిచినా డాబా ఎక్కలేదు. శనితో కళ్ళు కలిపే ధైర్యం తనకి లేదనేది.

ఆ రోజుల్లో తీసిన ఒక బొమ్మ నేను ఇంతవరకు తీసిన అన్నిటిలోకీ మంచిది. అదే సమయానికి అక్కావాళ్ళు ఊళ్ళో కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి అందరూ స్టీలు సామాన్లూ గోడ గడియారాలూ తెస్తారు, నేను నా చేత్తో చేసిందే ఇవ్వాలనుకుని, ఆ బొమ్మకి ఫ్రేము కట్టించి, రంగుకాగితం చుట్టి, బస్సులో జాగ్రత్తగా పట్టుకెళ్ళాను. చదువుకున్న బుర్ర ఒక్కోసారి ఎంత మొద్దుబారిపోతుందో చెప్పలేం. అది శనిగ్రహమని నాకు తెలుసు. అది శని అని మాత్రం తట్టలేదు. పాలు పొంగాయి, వ్రతం అయింది, బావ అందరి ముందూ కాగితం విప్పాడు. పంతులుగారు కళ్ళజోడు సర్దుకుని, "ఇదేమిటమ్మా?" అని అడిగారు. నేను క్లాసులో కూడా ఎన్నడూ లేనంత ఉత్సాహంగా, వెనక వరసకి వినపడేట్టు, "శనిగ్రహమండీ!" అన్నాను. వంటింట్లోంచి అక్క అత్తగారి గొంతు ఒక్కటే వినిపించింది: "పాలు పొంగించిన పూట శనిని ఇంట్లోకి తెచ్చిందే నీ చెల్లెలు!" పంతులుగారు మంచివారు. "పడమటి గోడకి పెట్టుకోండి, అది ఆయన దిక్కే" అని సర్దబోయారు. అక్క మొహం పాలిపోయింది. బావ మాత్రం పెద్దగా నవ్వి, "నా మరదలు తెచ్చింది, ఏం గాదు" అని, వరండాలో మోటారు స్టార్టరు పక్కన తనే మేకు కొట్టి తగిలించాడు.

రెండేళ్ళు తిరక్కుండానే, ఒకరోజు పొద్దున మిరపచేలో మందు కొడుతూ బావ కూలబడిపోయాడు. మాచర్లకి తీసుకెళ్ళేలోగానే ప్రాణం పోయింది. గుండె అన్నారు. పెద్దకర్మ రోజున నేను వెళ్ళేసరికి వరండాలో మేకు ఉంది, బొమ్మ లేదు. భోజనాలయ్యాక అక్క లోపల్నుంచి పాత తుండుగుడ్డలో చుట్టిన ఫ్రేము తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు తెచ్చిన శనిని నువ్వే తీసకపోవే" అంది. నూట ముప్ఫై కోట్ల కిలోమీటర్ల అవతల తిరిగే గ్రహానికి మా బావ గుండెతో పనేమిటని నాకు అరవాలనిపించింది. అరిస్తే మాత్రం ఎవరు వింటారు? దాన్ని ఒళ్ళో పెట్టుకుని పేటదాకా బస్సులో వచ్చాను.

ఆ తరువాత ఎప్పుడు ఫోన్ చేసినా అక్క కూతురే ఎత్తి, "అమ్మ పడుకుంది పిన్నీ" అనేది. పొద్దున పదింటికి చేసినా, సాయంత్రం అయిదింటికి చేసినా అక్క పడుకునే ఉండేది. పోయింది ఆమె మొగుడే, కాదనను. కానీ ఈ డాబా మీద నాకున్న ఒక్క తోడు కూడా పోయాడని నేనెవరితో చెప్పుకోను? బావ కోసం నా ఇంట్లో నేను ఒక్కదాన్నే ఏడ్చాను. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. అయినా రెండేళ్ళపాటు శని వైపు టెలిస్కోప్ తిప్పలేదు. చంద్రుడిని తీశాను, గురుణ్ణి తీశాను, శుక్రుణ్ణి తీశాను. అవన్నీ ఎవరూ చూడకుండా కంప్యూటర్లో పేరుకుపోయాయి.

పోయిన కార్తీకం వెళ్ళాక అక్క కూతురు తనే ఫోన్ చేసింది. "పిన్నీ, అమ్మకి కంట్లో పొర ముదిరిందంట. పేటలోనే ఆపరేషను. పిల్లల బడి మానిపించి ఉండేదానికి నాకు కుదరట్లా. పది రోజులు మీ ఇంట్లో ఉంచుకుంటావా?" అంది. ఉంచుకుంటావా అట! ఆపరేషనైన సాయంత్రం అక్క నల్లకళ్ళజోడుతో ఆటో దిగి, గోడలన్నీ ఒకసారి చూసి, "సున్నమన్నా వేయించుకోవేందే?" అంది. అయిదేళ్ళ తరువాత నాతో అన్న మొదటి మాట అది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ తరువాత మళ్ళీ మౌనమే. రోజుకి ఆరుసార్లు కంట్లో చుక్కలు వెయ్యాలి. "పైకి చూడక్కా" అంటే చూసేది, వేశాక కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ వారం రోజుల్లో మా మధ్య నడిచిన మాటల్లో సగం "పైకి చూడు" అన్నవే.

ఎనిమిదో రోజు సాయంత్రం నేను డాబా తడిపి కిందికి దిగేసరికి అక్క మెట్ల దగ్గర నిలబడి ఉంది. "ఆయనున్నాడా ఇయ్యాల?" అంది. ఎవరని అడగబోయి ఆగిపోయాను. "ఉన్నాడక్కా. కానీ నువ్వు ఆయన్ని చూడవుగా."

"చూస్తే ఏమవుద్దే? ఇంకా నా దగ్గర తీసకపోయేదేముందని?" అంది.

చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కించాను. చీకటిపడి అరగంట కూడా కాలేదు. కెమెరా తీసేసి కంటితో చూసే అద్దం బిగించి, శనిని మధ్యకి తెచ్చి, జరిగి నిలబడ్డాను. అక్క బాగైన కన్ను ఆనించింది. ఇన్నేళ్ళుగా మనసులో తిట్టుకున్నవాణ్ణి ఎదురుపడి తిట్టడానికి వచ్చిందనుకున్నాను.

"ఏదే గాజు?" అంది. "మీ బావ గాజు, గాజు అని నన్ను చంపుకుతిన్నాడుగా. ఏదీ? ఉత్త గోళీకాయలా ఉన్నాడు."

హడావిడిలో నేను మర్చిపోయింది అదే. ఈ ఏడాది శని వలయాలు మనవైపు అంచు తిప్పి ఉన్నాయి. అలవాటైన నా కంటికే వెంట్రుకంత గీత. అక్క కంటికి అదీ ఆనలేదు. "ఉందక్కా, పక్కకి తిరిగింది, అందుకని కనపడట్లేదు" అని నేను తడబడుతుంటే, అక్క తల ఎత్తి, తన ఒట్టి చేతుల వంక ఒకసారి చూసుకుని, "ఓహో. ఆయనకీ తీసేశారా" అంది.

గబగబా కిందికి వెళ్ళి అన్నం కంచం తెచ్చాను. ఎవరైనా బాధపడుతుంటే పాఠం చెప్పడం తప్ప ఇంకేమీ చేతకాని మనిషిని నేను. కంచం అంచుని ఆమె కళ్ళకి ఎదురుగా పట్టుకుని, ఇట్లా చూస్తే గీత, కాస్త వంచితే గుండ్రం, అది ఎక్కడికీ పోలేదు అని చెప్పాను. అక్క బుద్ధిగా విన్నది.

"మళ్ళా ఎప్పుడు కనపడుద్ది?"

"కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకోవాలంటే ఏడు, ఏడున్నరేళ్ళు పడుతుంది."

శని ఒకసారి మనిషిని పట్టుకుంటే ఏడున్నరేళ్ళు వదలడని లెక్క. అక్క ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "వీడి లెక్కలన్నీ ఏడున్నరేనేందే!" అని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. కన్ను నలపొద్దని నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అప్పుడంది: "ఆ రోజు తప్పు ఎవరో ఒకరి మీద వెయ్యకపోతే నేను బతికేదాన్ని గాదే. శని అందడు. నువ్వు అందావు."

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. అయిదేళ్ళు చిన్న సంగతేమీ కాదు. కానీ పట్టుకున్న చెయ్యి వదలలేదు.

పదో రోజున కూతురు వచ్చి తీసుకెళ్ళింది. ఆటో ఎక్కుతూ అక్క, "గాజు బాగా విచ్చుకున్నాక చెప్పవే, వస్తా" అంది. "అట్లాగే అక్కా" అని తలూపాను. ఆటో సందు మలుపు తిరిగాక గానీ నేను దేనికి తలూపానో బుర్రకెక్కలేదు. నాకిప్పుడు అరవై మూడు. అక్కకి అరవై ఎనిమిది. ఆమె సరదాకి అందో, నిజంగానే అందో తెలియదు. ఆ సాయంత్రం నేను డాబా ఎక్కలేదు.

వారం తిరక్కుండానే నేనే ఫోన్ చేశాను. ఈసారి అక్కే ఎత్తింది. శనిగారి కోసం అన్నేళ్ళు ఆగడమెందుకు, చందమామని చూపిస్తా రమ్మన్నాను. పున్నమినాడు ఆయన మొహం పౌడరు దట్టంగా రాసినట్టు ఉంటుందనీ, కొండలూ గుంటలూ కనపడాలంటే సగం చంద్రుడే బాగుంటాడనీ చెప్పి, "అష్టమి నాటికి రా అక్కా" అన్నాను.

"అష్టమి పూట ప్రయాణం పెట్టుకోమంటావా? నీకెప్పటికి బుద్ధొచ్చుద్దే!" అంది. మళ్ళీ తనే, "మిరపకోతలు మొదలైనయ్. కూలోళ్ళు దొరకట్లా. అయినాక చూద్దాంలే" అని పెట్టేసింది. రానని అనలేదు. వస్తాననీ అనలేదు.

ఏ గ్రహం ఏ రోజు ఎన్ని గంటలకి ఎక్కడుంటుందో నెలల ముందే చూసుకుని బతకడం అలవాటైనదాన్ని. ఈసారి కోతలు ఎప్పటికి అవుతాయో ఏ పట్టికలోనూ లేదు. సందులోకి ఆటో వచ్చిన చప్పుడైతే చేస్తున్న పని ఆపి వింటున్నాను. తేదీ తెలియని ఎదురుచూపులో ఒక్కొక్క రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు ఈ వయసులో తెలిసింది.