పడవ తప్పినవాళ్ళ పేరు

మా పెదనాన్నను ఊరంతా సియాపెన్ కొతాన్ అంటారు, అంటే కొతాన్‌కి తాత అని. కొతాన్ పుట్టకముందు ఆయనకు ఇంకో పేరు, కొడుకు పుట్టకముందు మరో పేరు. తైవాన్ పక్కనున్న మా చిన్న దీవిలో బిడ్డ పుట్టగానే తల్లిదండ్రుల పేర్లు మారతాయి, మనవడు పుట్టగానే తాతా మామ్మల పేర్లు మారతాయి. వదిలేసిన పేరుతో మనిషిని పిలవడం మర్యాద కాదు. ఇక పోయినవాళ్ళ పేరైతే నోట రానే కూడదు. పిలిస్తే వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే పోరు, ఇంట్లో ఒకరికి జ్వరమో, సముద్రం మీద ఒకరికి గండమో అంటగట్టి పోతారు.

పెదనాన్న పడవలు చేసేవాడు. ఇనుప మేకు ముట్టకుండా, పలక పక్కన పలక చేర్చి, చెక్క సీలలు దిగ్గొట్టి, తెలుపూ నలుపూ ఎరుపూ రంగులు వేసి, ముక్కు దగ్గర రెండు వైపులా కళ్ళు దిద్దేవాడు. మొత్తం పదకొండు చేశాడు. తొమ్మిది చేపలకు పోయాయి. ఒకటి తుఫానులో కొట్టుకుపోయింది. ఒకటి తైవాన్‌లో ఏదో హోటలు గుమ్మం ముందు పూలకుండీగా ఉందని చెబుతారు, ఆ మాట ఆయన ముందు ఎత్తకూడదు. చెట్టు కొట్టడానికి కొండెక్కే రోజు ఎవరైనా ఎదురొచ్చి "ఎక్కడికి?" అంటే చాలు, గొడ్డలి భుజాన వేసుకుని ఇంటికి తిరిగొచ్చేసేవాడు. చిన్నప్పుడు నేను కావాలని రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ వీపు మీద తిన్నాను.

మా కుటుంబానికి ఊళ్ళో ఒక ఎగతాళి పేరుంది, 'పడవ తప్పినోళ్ళు' అని. ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. దక్షిణాన సముద్రం దాటితే ఇత్బయత్ అనే దీవి ఉంది. అప్పట్లో వాళ్ళ పడవలు ఇక్కడికి, మా పడవలు అక్కడికి మేకలతో, పూసలతో వచ్చిపోతుండేవి. ఒకసారి మా ఊళ్ళో విందులో తాగి మాటామాటా అనుకుని కత్తులు తీశారు. ఇత్బయత్ వాళ్ళు పరుగున వెళ్ళి పడవ సముద్రంలోకి నెట్టేశారు. తండ్రితో పాటు వచ్చిన ఒక పిల్ల ఆ సమయానికి చేమ మడిలో మా ఊరి పిల్లలతో దుంపలు పీకుతోంది. ఒడ్డుకు వచ్చేసరికి పడవ కేకేసి పిలిచినా వినపడనంత దూరం వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు దీవుల మధ్య పడవ నడవలేదు. ఆ పిల్ల ఇక్కడే పెళ్ళి చేసుకుంది, బిడ్డను కన్నది, బిడ్డ పేరుతో తల్లి అయింది. మేము ఆవిడ సంతానం.

"కథలు బాగానే అల్లారు" అనేవారు ఊళ్ళోవాళ్ళు. "పడవ తప్పినోళ్ళకి సాక్ష్యం ఎవరు? చేమదుంపలా?"

సాక్ష్యం ఒకటి ఉంది, కానీ బయటపెట్టేది కాదు. పుట్టింట్లో తనను ఏమని పిలిచేవారో ఆ పేరు తనతో పోకూడదని ఆవిడ పెద్దకొడుకును అడిగిందట. పోయినవాళ్ళ పేరు పలకకూడదు, తల్లి కోరిక కాదనకూడదు. అందుకని మా వాళ్ళు ఒక దారి కనిపెట్టారు. ప్రతి తరంలో తండ్రి పెద్దకొడుకును పడవలో ఎక్కించుకుని, ఊరి మాట వినపడని దూరం తెడ్డు వేసుకుపోయి, చెవిలో ఒక్కసారి చెబుతాడు. విన్నవాడు మళ్ళీ తన కొడుక్కి చెప్పేదాకా పెదవి కదపకూడదు. పెదనాన్న తన ఇరవయ్యో ఏట విన్నాడు. మా నాన్న ఆయన సొంత తమ్ముడే, ఆయనకు తెలియదు. నాకెలా తెలుస్తుంది?

చిక్కంతా మా అన్నయ్యతో వచ్చింది. పెదనాన్నకు వాడొక్కడే కొడుకు, కొతాన్ తండ్రి. ఇంజను పడవ కొని టూరిస్టులను తిప్పుతాడు, చేతిలో రెండు ఫోన్లు, కళ్ళకు నల్లద్దాలు. దయ్యాలకు మాత్రం మా మామ్మ కంటే ఎక్కువ భయపడతాడు.

"రేపు గాలి లేదు, వస్తావా?" అని పెదనాన్న ఏడాదికోసారి అడిగేవాడు.

"ఆ పేరు నా చెవిలో వెయ్యకు నాన్నా, నీకు దణ్ణం పెడతా. పాతికమంది ప్రాణాలు నా పడవలో ఉంటాయి రోజూ. ఆవిడెవరో వచ్చి నా ఇంజను మీద కూచుంటే నేనేం చెయ్యను?"

"ఆవిడ మన మనిషిరా."

"మన మనిషైతే నీ దగ్గరే ఉండనీ."

పెదనాన్నకు అప్పటికి డెబ్బై నాలుగు. ఆయాసం మొదలైంది, పన్నెండో పడవ సగంలో ఆగింది. ఆయన పోతే ఆ పేరు కూడా పోతుంది. అన్నయ్య మీద నాకు ఎంత మండిపోయేదో చెప్పలేను. వినడానికి ఖర్చేముంది, చెవేగా! నాకు చెప్పమని ఒకసారి అడిగాను కూడా. "ఆడదానివి, పడవ ముట్టకూడదు, ఎక్కడ చెప్పను నీకు?" అన్నాడు. పడవ తప్పింది ఆడపిల్లే కదా అన్నాను. నా వైపు చూసి చెక్క చెక్కే బాడిస నూరుకోవడం మొదలుపెట్టాడు.

ఆ వేసవిలో ఇత్బయత్ నుంచి ఏడుగురు వచ్చారు. రెండు దీవుల వాళ్ళదీ ఒకే వేరు అని ఎవరో చదువుకున్నవాళ్ళు ఏర్పాటు చేసిన రాకపోకలు. పాపం, తెడ్డు పడవలో వచ్చిపోయే దూరమే అయినా, ఇప్పుడు వేరే దేశం కావడంతో రెండు విమానాలూ ఒక ఓడా మారి వచ్చారు. ఓడలో కక్కుకుని కక్కుకుని దిగారు. పెదనాన్న వెండి టోపీ పెట్టుకుని, పూసలు వేసుకుని ఒడ్డున పొద్దుటినుంచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

వాళ్ళకు పెద్ద ఒక టీచరమ్మ. రిటైరైంది, డెబ్బై దగ్గర పడుతుంది, పేరు యూదోసియా. వెంట తమ్ముడు ఇసిద్రో. మాటలో యాస తేడా తప్ప ముప్పాతిక మాటలు మావే. కాసేపటికి పంది, వాన, కన్ను, దుంప అనుకుంటూ నవ్వుకోవడం మొదలైంది. మధ్యాహ్నం మా అరుగు మీద భోజనాలు పెట్టాం. ఎగిరే చేపల ఎండు వరుగులు, చేమదుంపలు, మేకమాంసం. మా దగ్గర ఆడవాళ్ళ చేప వేరు, మగవాళ్ళ చేప వేరు, ముసలి మగవాళ్ళకే చెల్లే చేప వేరు. టీచరమ్మ ఎంచి ఎంచి ఆ మూడోదే పెదనాన్న పళ్ళెంలోంచి తీసుకుని నోట్లో పెట్టుకుంది. అందరం బిగుసుకుపోయాం.

"ముసలోళ్ళదమ్మా అది" అన్నాను నేను.

"నేనేమైనా పడుచుదాన్నా?" అంది ముల్లు తీస్తూ.

పెదనాన్న పగలబడి నవ్వాడు. తోకముక్క కూడా ఆవిడ ముందుకే తోశాడు. ఆ నవ్వుతో ధైర్యం వచ్చి కాబోలు, ఆవిడ సంచిలోంచి ఒక పుస్తకం తీసింది. అట్ట మీద సిలువ బొమ్మ ఉంది. వాళ్ళ ఊళ్ళో ఏటా నవంబరులో సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి, చచ్చిపోయినవాళ్ళ పేర్లన్నీ గట్టిగా చదువుతారట. అది వాళ్ళకు గౌరవం. చుట్టాలను కలిశాం కదా, ముందు పెద్దలను తలుచుకుందామని లేచి నిలబడి, బడిలో హాజరు పిలిచినట్టు మొదలుపెట్టింది. మొదటి పేరు, రెండో పేరు, మూడో పేరు.

నాలుగో పేరుకల్లా అరుగు ఖాళీ. ఆడవాళ్ళు పిల్లల చెవులు మూసి ఎత్తుకుపోయారు. మగవాళ్ళు దయ్యాలు దగ్గరికి రాకుండా మొలలో కత్తి మీద చెయ్యి వేసి వెనక్కి వెనక్కి నడిచారు. అన్నయ్య అందరికంటే ముందు పరిగెత్తాడు, నల్లద్దాలు అరుగు మీదే పడిపోయాయి. నాకు మోకాలినొప్పి, లేవలేకపోయాను. పెదనాన్న లేవగలిగీ లేవలేదు.

టీచరమ్మ చదవడం ఆపి మా ఇద్దరి వైపు చూసింది. "ఏం తప్పు చేశాను?"

చెప్పాను. ఆవిడ మొహం నల్లబడిపోయింది. పుస్తకం మూసి గుండెకు అదుముకుని పెదనాన్న వైపు తిరిగింది. "నాకు తెలియదు అన్నయ్యా. మీ కోసమే చదివాను. మా ఇంట్లోంచి ఒక పిల్ల ఇటొచ్చి తిరిగి రాలేదు. ఆ పేరు కూడా చివర్లో..."

"వద్దు" అన్నాడు పెదనాన్న. అరచెయ్యి ఎత్తి అడ్డం పెట్టాడు. "చెప్పకమ్మా. ఇక్కడ వద్దు."

నేను నమ్మలేకపోయాను. యాభై నాలుగేళ్ళుగా ఆ మనిషి ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. రెండు పేర్లూ ఒకటైతే మా కథ నిజం, కాకపోతే ఊళ్ళోవాళ్ళ మాటే నిజం. కానీ ఊరి పడవలు ఆ పూటే సముద్రం మీద ఉన్నాయి, చేపల కాలం. ఒక్కరికి గండం వచ్చినా అది తన మూలంగానే అనుకుంటాడు. తన నోటితో చెప్పలేడు, ఆవిడ నోటినుంచి వినలేడు. ఆవిడను పంపించేశాక "పడవ ఎక్కితే వినొచ్చేమో" అన్నాడు, మళ్ళీ తనే "ఆడమనిషి, ఎక్కకూడదు" అనుకున్నాడు. అంత పెద్దమనిషి అలా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

మర్నాడు రెండు గంటల ఓడకు వాళ్ళ తిరుగు ప్రయాణం. పొద్దున్నే టీచరమ్మ క్షమించమని అడగడానికి పడవల పాక దగ్గరకు వచ్చింది, తోడుగా నేనూ వెళ్ళాను. పెదనాన్న పన్నెండో పడవ పలక చెక్కుతున్నాడు. ఆవిడ పలక తడమబోతే చెయ్యి పట్టుకుని లాగాను, ఆడవాళ్ళు ముట్టకూడదని. "మీ ఊళ్ళో అన్నీ కూడనివేనా!" అని విసుక్కుని, పాక బయట రాయి మీద కూర్చుంది. పెదనాన్న బాడిస ఆపకుండా చెక్కుతూనే ఉన్నాడు.

అంతలో పైనుంచి, మెట్లదారి మీద నుంచి ఇసిద్రో కేక వేశాడు.

"మరావయ్! కాఫీ చల్లారిపోతోంది!"

బాడిస ఆగింది.

"ఎవర్ని పిలుస్తున్నాడు?" అన్నాడు పెదనాన్న.

"నన్నే" అంది టీచరమ్మ. "యూదోసియా చర్చిలో పెట్టింది. ఇంట్లో మరావయ్ అంటారు. మా మేనత్త పోయాక నాకు ఖాయమైంది, నా తర్వాత మా మేనకోడలికి. తరానికొక ఆడపిల్లకి ఆ పేరు ఉండి తీరాలి మా ఇంట్లో. ఎందుకంటే..." నోటి మీద చెయ్యి వేసుకుంది. "చెప్పొచ్చో లేదో!"

"చెప్పు" అన్నాను నేను.

"ఉత్తర దిక్కుకు పోయిన పిల్ల ఏనాటికైనా తిరిగొస్తే, వీధిలో తన పేరు వినపడాలిట. వినపడితే ఇదే మా ఇల్లని తెలుసుకుంటుందని. అందుకే ఆ పేరు ఆపకుండా పిలుస్తూనే ఉన్నాం."

పెదనాన్న బాడిస కింద పెట్టాడు. ఏడుస్తున్నాడు. ఆయన భార్య పోయిన రోజున కూడా నేను ఆ కళ్ళలో నీళ్ళు చూడలేదు. నాకు ఇంకేమీ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది. పొరపాటున కూడా పెదవి దాటకూడదని మా వాళ్ళు దాచారు, ఒక్కరోజు కూడా మరుగున పడకూడదని వీళ్ళు పిలిచారు. దాచిందీ పిలిచిందీ ఒకే పేరు.

"అమ్మాయ్" అన్నాడు నాతో, కోర్టులో అడిగినట్టు. "బతికున్న మనిషిని పేరు పెట్టి పిలిస్తే తప్పు లేదుగా?"

"తప్పేముంది పెదనాన్నా? ఎదురుగా ఉంది, నిన్న నీ చేప కూడా తినేసింది."

ఆయన పాకలోంచి బయటికి వచ్చాడు. ఆవిడ ముందు నిలబడి పెదవులు తడుపుకున్నాడు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"మరావయ్."

"ఏంటన్నయ్యా?" అంది ఆవిడ.

ఏమీ లేదన్నట్టు తల ఊపాడు. మళ్ళీ పిలిచాడు. ఆవిడ మళ్ళీ పలికింది. మూడోసారికి నవ్వుతూ తిట్టింది, చెవుడు లేదు నాకు అని. నేను అటు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మధ్యాహ్నం ఓడ టైమవుతోంది. మా ఇంటి ముందు అన్నం, చేపల పులుసు వడ్డించాం. వాళ్ళవాళ్ళందరూ కూర్చున్నారు, టీచరమ్మ ఒక్కతే దూరంగా ఒడ్డున గులకరాళ్ళు ఏరుకుంటోంది. నిన్నటి పరుగుకు సిగ్గుపడి కాబోలు అన్నయ్య పొద్దుటినుంచి తెగ మర్యాదలు చేస్తున్నాడు.

"ఆవిణ్ణి ఏమని పిలవాలి నాన్నా? టీచరమ్మా అంటే వినిపించుకోవట్లేదు."

పెదనాన్న పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. "మరావయ్ అను. ఇంట్లో పిలిచే పేరు. మన చుట్టమే కదా."

అన్నయ్య రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఇంజను చప్పుడు మీద కేకలు వేసి అలవాటైన ఆ గొంతుతో, ఊరంతా వినపడేలా పిలిచాడు. "మరావయ్! అన్నానికి రావాలి!"

చెవిలో వెయ్యొద్దన్న పేరును అన్నయ్య తన నోటితోనే ఊరికి వినిపిస్తుంటే, నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఒడ్డున ఆవిడ తల ఎత్తి, చెయ్యి ఊపి, ఇటు నడవడం మొదలుపెట్టింది.

"ఇంకోసారి పిలువు" అన్నాడు పెదనాన్న. "వినపడినట్టు లేదు."

"వస్తోందిగా నాన్నా!"

"పిలవరా" అన్నాడు.

అన్నయ్య మళ్ళీ పిలిచాడు.