మెట్ల మీద పుట్టిన అక్క

మా దర్జీకి ఒక అక్క ఉండేది. ఆవిడ మెట్ల మీద పుట్టి, మెట్ల మీదే పోయింది. ఆ రెంటికీ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా లేదు. అయినా ఆవిడ గురించి నాకు తెలిసినన్ని సంగతులు మా సొంత అక్క గురించి కూడా తెలియవు.

ఆ రోజుల్లో మాలో ఒక ఆచారం ఉండేది. మాలో అంటే, మగవాళ్ళను ప్రేమించిన మగవాళ్ళలో. ఇద్దరు కలిసి ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే, ముందుగా దర్జీ కొట్టు వెనక గదిలో కూర్చుని వరస కలుపుకోవాలి. అన్నదమ్ములమని చెప్పాలా, బాబాయి కొడుకులమని చెప్పాలా అన్నది అక్కడే తేలేది. బుర్రమీసాల బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, మేమంతా పెద్దత్త అనేవాళ్ళం. పరీక్ష పెట్టేది ఆయనే. "మీ తాత ఏ పని చేసేవాడు? ఇద్దరూ ఒకటే మాట చెప్పండి!" అని గద్దించేవాడు. పడీ పడీ నవ్వుకుంటూనే నేర్చుకునేవాళ్ళం. తప్పు చెబితే సామాను వీధిలో పడుతుందని మాకు తెలుసు. వాళ్ళు నాకు పెట్టిన పేరు కోడలుపిల్ల. జుట్టు నెరిసినా కోడలుపిల్లనే.

అందరికీ ఆ పాఠం తన కొట్లో చెప్పించిన దర్జీ, తన వంతు వచ్చేసరికి తడబడ్డాడు. అతనూ, అతను మనసిచ్చిన, గడియారాలు బాగుచేసే ఆయనా ఒక మేడమీది వాటా చూడటానికి వెళ్ళారు. బాబాయి కొడుకులమని చెప్పాలని అనుకునే వెళ్ళారు. కింది వాటాలో ఓనరమ్మ ఒక్కతే ఉంటోంది. భర్త పోయి ఎంతో కాలం కాలేదు. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "ఈయన మీకేమవుతారు?" అని అడిగింది. చాటుగా పిలుచుకునే పిలుపే దర్జీ నోటికొచ్చింది.

"మా బావండీ."

"అయితే మీ అక్క కూడా వస్తుందన్నమాట! పోనీలే, నాకూ ఓ తోడు" అంది ఆవిడ విప్పారిన మొహంతో.

బావ అన్నాక మధ్యలో ఒక ఆడమనిషి ఉండి తీరాలి కదా. గడియారాలాయన గోడ పట్టుకుని, "పోయిందండీ" అన్నాడు. ఓనరమ్మ అక్కడే మెట్టు మీద చతికిలబడి ఏడ్చింది. ఇల్లు వాళ్ళకు దొరికింది.

చచ్చిపోయిన మనిషితో పేచీ ఉండదనుకున్నారు పాపం. ఓనరమ్మ సాయంత్రాలు పైకి వచ్చి కూర్చునేది. తను పోగొట్టుకున్న మనిషి గురించి చెప్పి, "ఆవిడ ఎలా ఉండేది?" అని అడిగేది. ఏదో ఒకటి చెప్పక తప్పేది కాదు. ఎడమచేతి వాటమన్నారు. ఎండ పడేది కాదన్నారు. పనిచేసుకుంటూ చరణం తెలియని పాట పల్లవి మాత్రమే పాడేదన్నారు. చెప్పగా చెప్పగా ఆ అక్క వాళ్ళింట్లో తిరగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పూట కిటికీలోంచి వచ్చే వెలుతురులో సుద్దపొడి తేలుతుంటే, గోడ మీద గడియారాలు తలా ఒక సమయం చెబుతుంటే, మూడో కుర్చీలో ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టుండేది. ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు, నాకే మనసొప్పేది కాదు.

ఒకసారి దర్జీ, మిగిలిన గుడ్డముక్కలన్నీ కలిపి అక్కకొక గౌను కుట్టి, బట్టలు తొడిగి చూసుకునే బొమ్మకు వేశాడు. ఆడవాళ్ళ బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడే. కానీ లేని అక్కకు కొలతలు ఎక్కణ్ణించి వస్తాయి? గడియారాలాయన కొలతలే వేశాడు. ఓనరమ్మ గౌను నిమిరి, "మీ అక్క భుజాలు కాస్త వెడల్పే" అంది. పెద్దత్త వంటగదిలోకి పరుగెత్తి నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

అలాగని మా బతుకులు నవ్వులాట కాదు. ఎందుకు దాక్కున్నారని ఈకాలం పిల్లలు అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. పార్కు బెంచీ మీద కూర్చున్న పాపానికి మమ్మల్ని పోలీసు వ్యానులో ఎక్కించేవాళ్ళు. పేపర్లో పేరు పడిన మర్నాడే పెద్దత్త ఉద్యోగం ఊడింది. ఆ కోపంలోంచే మా మొదటి ఊరేగింపు పుట్టింది. దానికి మొహాలు కప్పుకునే ముసుగులు కుట్టింది మా దర్జీయే, కోట్ల లోపల వేసే లైనింగు గుడ్డతో. మెత్తగా ఉండేవి, ఊపిరాడేది. ఏటా కుట్టాడు. మమ్మల్ని నేరస్తులన్న చట్టాన్ని కోర్టు కొట్టేశాక, అడిగేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. చివరికి ఒక్కటే కుట్టేవాడు, తనకోసం.

ఒక ఏడు ఊరేగింపు దారి మారి వాళ్ళ వీధిలోంచే పడింది. గడియారాలాయన చూపు అప్పటికే మసకబారుతోంది. ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు. చిన్న ముళ్ళు కనిపించక పని మానేశాడు.

"చూపుండగానే మన వీధిలో నీ చెయ్యి పట్టుకుని నడవాలి. ముసుగు లేకుండా" అన్నాడు.

"ఓనరమ్మకేం చెప్తాం?"

"మనమేంటో చెప్తాం."

"అది చెప్పగలను బావా. అక్క లేదని ఎలా చెప్పను? ఆవిడ ఎంత ఏడ్చిందో మర్చిపోయావా?"

దర్జీ నాలుగైదుసార్లు కిందికి దిగి, తలుపు తట్టకుండానే తిరిగొచ్చాడు. ఊరేగింపు నాడు ముసుగు వేసుకున్నాడు. గడియారాలాయన వేసుకోలేదు. నేను వాళ్ళ వెనకే ఉన్నాను. డప్పులకు ఓనరమ్మ గేటు దగ్గరికి వచ్చింది.

"అయ్యో, మీరేంటి ఇందులో?" అంది గడియారాలాయనను చూసి.

ఆయన ఆగాడు. పక్కన చెయ్యి పట్టుకున్న మనిషి ముసుగు తీశాడు.

"అమ్మగారూ, మా అక్క లేదండీ."

"తెలుసు కదయ్యా. పోయిందిగా."

"పోలేదండీ. అసలు లేదు. ఉన్నది మేమిద్దరమే."

ఆవిడ వాళ్ళ చేతుల వంక చూసింది. విషయం అర్థమైంది.

"మీరు ఎలాగైనా బతకండి, నాకేం. కానీ నా మొగుడు నిజంగా పోయాడయ్యా! నీ పెళ్ళాం కూడా పోయిందనేగా, ఎవరి ముందూ ఏడవనిదాన్ని నీ ముందు ఏడ్చాను" అని గడియారాలాయనతో అనేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఊరేగింపు సాగిపోయింది. వాళ్ళిద్దరూ పైకెళ్ళి సామాను సర్దడం మొదలుపెట్టారు. సాయం చేద్దామని నేనూ వెళ్ళాను. గోడ మీది గడియారాలన్నీ దించి పాత చొక్కాల్లో చుట్టాం. గౌను ఏం చెయ్యాలో తోచక బొమ్మకే వదిలేశాం. దర్జీ ఏడుస్తున్నాడు. ఇల్లు పోతోందని కాదు, అక్క పోయిందని. ఆ మాట నాతో అన్నాడు కూడా.

ఎండ తగ్గాక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఓనరమ్మ ఎవరినీ పలకరించలేదు. బొమ్మకున్న గౌను ఊడదీసి గడియారాలాయన భుజాలకు ఆనించి చూసింది. అతికినట్టు సరిపోయింది.

"ఇన్నాళ్ళూ ఏడ్చింది నీకోసమా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మరి నువ్వు? నాతో కూర్చుని నువ్వూ ఏడ్చేవాడివిగా. అదీ అబద్ధమేనా?"

గడియారాలాయన ఆవిడ గొంతు వచ్చిన వైపు తిరిగాడు.

"అది అబద్ధం కాదమ్మా. మీరు మీ ఆయన గురించి చెప్తుంటే, రేపు వీడికేమన్నా అయితే నా గతేంటని ఏడ్చేవాణ్ణి. అప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చునేవాళ్ళు ఎవరుంటారు? వీడు నాకేమవుతాడో ఎవరికీ తెలీదు కదా."

ఓనరమ్మ గౌను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళి మూడో కుర్చీలో కూర్చుంది. అందులో ఒక మనిషి కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అయినా అంత తొందరేమొచ్చింది మీకు? వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తోందంటే సరిపోయేదిగా. బంగారంలాంటి పిల్లని చంపేశారు" అంది.

దర్జీ ఏడుపులోనే నవ్వాడు. ఆవిడ మేం సర్దిన పెట్టె చూపించి, "ఆ గడియారాలు మళ్ళీ తగిలించండి. చప్పుడు లేకపోతే కింద నాకు నిద్ర పట్టదు" అంది.