రాణివాసపు రుబ్బురోలు

మా పెద్దమ్మ మాట్లాడుతున్నంతసేపూ ఎడమచేత్తో కుడిభుజం నొక్కుకుంటూ ఉండేది. ఏళ్ల తరబడి పిండి రుబ్బి తెచ్చుకున్న నొప్పి అది. ఎముకలకు పేరుమోసిన పుత్తూరు కట్టుకు కూడా లొంగలేదు. ఇంటికి మిక్సీ రాగానే, పక్కన నెమలి చెక్కి ఉన్న ఆ రోలును తిరుపతిలో ఒక మ్యూజియంకు ఇచ్చేసింది.

కొన్నాళ్లకు దాన్ని చూడాలని పెద్దమ్మ అంటే చిత్తూరు నుంచి నేనే తీసుకెళ్లాను. రోలు ముందున్న చీటీ చదివి వినిపించాను: “రాణివాసంలో వాడినది.”

“ఏ రాణి నాయనా? దీంట్లో రుబ్బింది నేను గదా! నా పేరు రాయించు,” అని అక్కడి అధికారిని నిలదీసింది.

“రాణిదంటేనే జనం నిలబడి చూస్తారమ్మా. కోడలు రుబ్బిందంటే ఎవురు చూస్తారు? అది అందరిండ్లల్లో ఉండేదే గదా.”

పెద్దమ్మ భుజం నొక్కుకుంటూ ఆలోచించింది. “అట్లయితే మా అత్త పేరన్నా రాయించు. రాణి మాదిరి కూసోని, పిండి మెత్తగా లేదని తిట్టింది ఆమే.”

ఆయన నవ్వాడు గాని చీటీ మార్చలేదు. వచ్చేస్తూ పెద్దమ్మ వెనక్కి తిరిగి, రోలు పక్కనున్న చిన్న బోర్డులో ఏముందని నన్ను అడిగింది.

“తాకరాదు అని ఉంది పెద్దమ్మా.”

“ఈ బోర్డేదో నా పెండ్లినాడే పెట్టింటే, ఈ భుజం ఇట్లయ్యేదే కాదు గదరా!”