మనిషి కూర్చున్నాకే బోల్టు

నా కారు ఖాళీగా ఉన్నప్పుడు ముక్కు కిందికీ వెనక భాగం పైకీ పెట్టి నిలబడేది. నారాయణఖేడ్‌లో మా వీధివాళ్లు దాన్ని పొడిచే దున్న అనేవాళ్లు. తప్పు కారుది కాదు, నాది. నాకు కిరాణా కొట్టుతో పాటు కందుల బేరం కూడా ఉంది. నాగల్‌గిద్ద వైపు నాలుగు బస్తాలు దొరికితే ట్రాలీ మాట్లాడటం దండగని, వెనక సీటు మడిచి కారులోనే వేసుకొచ్చేవాణ్ణి. బరువుకు వెనక కుంగిపోతోందని స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు దిమ్మలు పెట్టించాను. కుంగడం ఆగింది. ఊగడమూ ఆగింది. స్ప్రింగు పుట్టిందే ఊగడానికన్న ముక్క నా బుర్రకు ఎక్కలేదు.

పోయిన చలికాలంలో కందులతో వస్తుంటే కారు ఒక గోతిలో పడింది. పక్క సీట్లో ఉన్న నా భార్య నడుం పట్టేసింది. రెండు నెలలు మంచం దిగలేదు. ఎముకకు ఏం కాలేదు గాని, ఇంకో దెబ్బ తగిలితే మాత్రం కష్టమన్నాడు డాక్టరు.

ఆమె కల్హేర్ దవాఖానాలో నర్సు. సోమవారం డ్యూటీలో చేరాలి. ఆటోలో అంత దూరం పోలేదు, బస్సు సంగతి చెప్పక్కర్లేదు. నా కారైతే చచ్చినా ఎక్కనంది.

"కల్హేర్‌ల రూము మాట్లాడిన. ఐతారం సామాను ఏసుకొని పోత. నువ్వు నీ కందులతోని ఉండు."

మొదట నవ్వాను. కోపం దిగితే మాటా దిగుతుందనుకున్నాను. గురువారం పొద్దున ఆమె చిన్న కుక్కర్‌ను పాత పేపర్లో చుడుతుంటే చూశాను. కుక్కర్ కదిలిందంటే సంసారం కదిలినట్టే. నాకు భయమేసింది. ఆ గంటలోనే కారు తీసుకుని చాచా షెడ్డుకు పోయాను.

చాచా మా ఊరి పాత మెకానిక్. జాకీ ఎక్కించి, ముందు చక్రాన్ని పట్టి ఊపాడు. అది ముసలివాడి పన్నులా ఊగింది. కుదుపు ఆపే షాకప్సర్ నుంచి ఆయిల్ కారుతోంది, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు ఉండే రబ్బరు బుష్షులు చిరిగిపోయాయి. ముందు తగిలించిన నిమ్మకాయ వైపు చూశాడు.

"గిదేంది?"

"బోరంచ గుడికి పోయినప్పుడు కట్టిచ్చిన. పోచమ్మ తల్లి సల్లగ జూస్తదని."

"తల్లి మనుషులను జూస్తది. షాకప్సర్లను నేను జూడాలె."

కారుతున్న వైపు ఒక్కటి మారిస్తే చాలదా అని అడిగాను. "చెప్పు తెగితె ఒంటి చెప్పు కొంటవా?" అన్నాడు. తర్వాత వెనక్కి పోయి స్ప్రింగుల్లోంచి రబ్బరు దిమ్మలు పీకి నా ముందు పడేశాడు. "గివి ఎవడు పెట్టిండు?"

"ముందు ఓనర్ పెట్టిచ్చిండేమో."

"నేనే పెట్టిన. వద్దంటే ఇనకుండ నువ్వే పక్కన నిలబడి పెట్టిచ్చినవ్."

ఆ దిమ్మలు ఏరి షెడ్డు మూలన పడేశాను.

జహీరాబాద్ నుంచి సామాన్లు వచ్చి, బిగింపు శనివారం మధ్యాహ్నానికి అయింది. కానీ బుష్షుల బోల్టులు మాత్రం చాచా వదులుగానే వదిలేశాడు. కారు గాల్లో వేలాడుతుండగా వాటిని బిగిస్తే, నేలకు దిగాక రబ్బరు మెలిపడి నెల తిరక్కుండా చిరుగుతుందట. అందుకని కారును పని గుంత మీదికి తెచ్చి, నాలుగు చక్రాల మీద నిలబెట్టి, లోపల మనుషుల్ని కూర్చోబెట్టి, అప్పుడు కింద నుంచి బిగిస్తాడు. పక్క హోటల్లో చాయ్ తాగేవాళ్లను ఊరికే పిలిచి కూర్చోబెట్టడం ఆయనకు మామూలే. ఆ రోజూ ఇద్దరు గ్లాసులతో వచ్చారు. చాచా వాళ్లను వెనక్కి పంపేశాడు.

"గీ బండి ఎవరి కోసం బాగు చేపిస్తున్నవ్? కందుల కోసమైతె బస్తాలు తెచ్చి ఎయ్యి. మనిషి కోసమైతె మనిషిని తోల్కరా."

ఇంటికి పోయి సంగతి చెప్పాను. ఆమె దుప్పట్లు మడుస్తోంది.

"బండి నడ్వదా?"

"నడ్వది. చాచా కింద గుంతల ఉంటడు."

"గట్లైతె వస్త. సంపితె చాచాను సంపుతవ్, నన్ను గాదు."

నడుం వెనక దిండు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను స్టీరింగ్ దగ్గర. ఎదురుగా షెడ్డు గోడ, కింద పానా చప్పుడు. ఎటూ పోని కారులో ఇద్దరం కూర్చుంటే మాట్లాడక తప్పదు.

"గా రబ్బర్లు నేనే పెట్టిచ్చిన" అన్నాను.

"తెల్సు. ఖేడ్ అంతటికి తెల్సు. నా కోపం రబ్బర్ల మీద గాదు. గొయ్యిల పడ్డంక నువ్వు ఏం జేసినవో యాదికుందా?"

యాదికుంది. బండి ఆపి దిగాను. ఆమె వైపు పోలేదు, వెనక్కి పోయాను. ఒక బస్తా పిగిలి కందులు కారుతున్నాయి. "జర దిగి పట్టుకో" అని ఆమెనే పిలిచాను. నడుం పట్టేసిన మనిషి తలుపు పట్టుకుని దిగి, వచ్చి, బస్తా నోరు పట్టుకుంది. ఇన్నాళ్లూ ఊళ్లో ఈ కథ చెప్పినప్పుడల్లా నేను గోతినే తిట్టాను, ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పైంది."

పెళ్లయ్యాక నా నోట ఆ మాట రావడం అదే మొదలు. కింద పానా చప్పుడు ఆగిపోయింది. గుంతలోంచి చాచా గొంతు వినిపించింది. "బిగించాల్నా బిడ్డా, వద్దా?"

ఆమె నడుం వెనక దిండు సర్దుకుంది.

"బిగించు చాచా."

పని అయిపోయాక చాచా పైకొచ్చి దిగమన్నాడు. ఆమె దిగలేదు. "కల్హేర్ దాంక నడుపు" అంది. ఊరు దాటుతుండగా మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. కారు మెత్తగా ఎక్కి మెత్తగా దిగింది. ఆపి, నడుం నొచ్చిందా అని అడిగాను. లేదంది. తర్వాతి గతుక్కీ ఆపి అడిగాను. ఆ తర్వాత దానికీ అడిగాను. వెనక ఆటోవాడు నా వంశాన్ని మొత్తం తలచుకున్నాడు.

కల్హేర్‌లో రూము ఓనర్ ఇంటి ముందు ఆపమంది. లోపలికి పోయి, రూము అక్కర్లేదని చెప్పి వచ్చి, మళ్లీ నా పక్కనే కూర్చుంది.

"ఒక్క బస్త ఎక్కినా నేను దిగుత" అంది.