పెన్నుతో రాసే కొలతలు

మా కుట్టు కొట్లో కొలతల పుస్తకానికి ఒక కట్టుబాటు ఉంది. పిల్లల కొలతలు పెన్సిల్‌తో రాయాలి, పెద్దవాళ్ళవి పెన్నుతో. పిల్లలు ఆరు నెలలకోసారి పొడుగవుతారు కాబట్టి చెరిపి మళ్ళీ రాసుకోవచ్చు. "పెద్దవాళ్ళూ మారతారే, కానీ ఒప్పుకోరు" అనేది కత్తెరక్క. ఆ కట్టుబాటు పెట్టింది ఆవిడే.

కత్తెరక్క అంటే మా కొట్లో గుడ్డ కోసే మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ పెద్ద బల్ల ముందు నిలబడే ఉంది. నేను కాజాలు, బొత్తాలు చూస్తాను. ఇస్త్రీ పెట్టె దగ్గర పెద్దమ్మ ఉంటుంది. ఆవిడ వరసకి ఎవరికీ పెద్దమ్మ కాదు, అందరం అలాగే పిలుస్తాం. రోజూ మొదటి గుడ్డ మీద కత్తెర ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగడం అక్క అలవాటు.

"ఏం కోరుకుంటావక్కా రోజూ?" అని అడిగానొకసారి.

"కోశాక అతికించలేం కదే. అందుకే ముందే ఆయన చెవిన ఒక మాట వేస్తా."

నాకు అంత భక్తి లేదు. దేవుడితో నాకు పలకరింపులే గాని రాకపోకల్లేవు.

అక్క రొమ్ములో గడ్డ ఉందని మాకు తెలిసేసరికే అది పుట్టి ఐదు నెలలు. బడి యూనిఫాంల పని అయిపోయాక చూపించుకుందామనుకుందట! నాకు ఒళ్ళు మండిపోయింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నావు కదక్కా, బుద్ధుందా నీకు?" అని కొట్టంతా వినిపించేలా అరిచాను. అరిచి, అక్కడే కూలబడి ఏడ్చాను.

"రోగం దానికొస్తే రాగాలు నీవా? ముందు ముక్కు తుడుచుకో" అని పెద్దమ్మ నన్నే కసిరింది.

ముందు మందు ఎక్కించారు, మూడు వారాలకోసారి, ఆరుసార్లు. అక్క మొగుడు బస్సు డ్రైవరు. ఆయనకి సెలవు దొరకని రోజుల్లో నేనూ పెద్దమ్మా వంతులేసుకుని వెళ్ళేవాళ్ళం. జుట్టు ఊడింది, కనుబొమలూ పోయాయి. "చూడు ఎంత నున్నగా ఉందో, పెద్దమ్మ ఇస్త్రీ చేసినట్టుంది" అని తనే తల నిమురుకుని నవ్వింది. తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఎంతకీ రాలేదు. తలుపు ఇవతల నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

ఆపరేషన్‌కి ముందురోజు డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. ఎడమ రొమ్ము మొత్తం తీసేస్తారు. తీసినదాని అంచుల్ని పరీక్షకి పంపుతారు. అంచులు శుభ్రంగా ఉంటే సరే. అక్కడ కూడా రోగం కనిపిస్తే మళ్ళీ కోయాలి.

"గీతకి బయటగా కోస్తారన్నమాట. మేమూ అంతే" అంది అక్క. కాస్త ఆగి, "డాక్టరుగారూ, కత్తి పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతారా?" అని అడిగింది.

నాకు సిగ్గేసింది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "ఆగుతానమ్మా" అంది.

ఆపరేషనైతే అయింది. రిపోర్టుకి పది రోజులన్నారు. ఆ పది రోజులూ మా ముగ్గురి ప్రాణాలూ అరచేతుల్లోనే ఉన్నాయి. ఎక్కడ ఫోను మోగినా చేతిలో పని వదిలేసి లేచేదాన్ని.

ఆ హడావిడిలోనే నేనొక వెధవపని చేశాను. చెయ్యి పైకెత్తకూడదు కాబట్టి ఇంటికొచ్చేటప్పుడు వేసుకోవడానికి ముందు బొత్తాలున్న చొక్కా కావాలి. మెత్తటి నూలుగుడ్డ తెచ్చి, పుస్తకంలో అక్క పేజీ తీసి, చెప్పకుండా నేనే కుట్టాను. ఆసుపత్రిలో మంచం మీద కూర్చోబెట్టి తొడిగాను. కుడివైపు చక్కగా సరిపోయింది. ఎడమవైపు గుడ్డ ఖాళీగా కుంగి ముడతలు పడింది. పద్దెనిమిదేళ్ళు కొట్లో పనిచేసి, పాత కొలతలతో కుట్టుకొచ్చిన మొద్దుమొహాన్ని నేను!

అక్క ఆ ముడతని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది.

"ఎవరి కొలతలే ఇవి?"

"నీవే అక్కా... పాతవి. కొత్తవి తీసుకోనా? టేపు మెడలోనే ఉంది."

"ఇప్పుడొద్దు. మళ్ళీ కోస్తే మళ్ళీ మారతాయి."

"పోనీ పెన్సిల్‌తో రాసుకుంటా."

"పెన్సిల్‌తోనూ వద్దు" అని దుప్పటి లాక్కుని గోడవైపు తిరిగింది.

ఐదో రోజు నేనూ పెద్దమ్మా వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "నాకు భయంగా ఉంది పెద్దమ్మా. ఆ దేవుడి మీద నమ్మకం ఉంది, అయినా భయం పోవట్లేదు. ఇదేం నమ్మకమో!" అంది.

"నిప్పుతో ముప్పైయేళ్ళుగా పనిచేస్తున్నా, నాకు భయం లేదనుకున్నావా? భయపడుతూనే రోజూ పెట్టె పట్టుకుంటా. నువ్వూ అంతే. ముందు తిను" అంది పెద్దమ్మ.

కొట్లో అక్క బల్ల దగ్గర కోత నా మీద పడింది. ఆరో రోజు గుడ్డ మీద కత్తెర పెట్టాను. చెయ్యి దానంతటదే ఆగింది. కళ్ళు మూసుకున్నాను. "ఇదిగో, వింటున్నావా? ఆ అంచులు శుభ్రంగా ఉండాలి. లేదంటే నీకూ నాకూ మాటల్లేవు, చెబుతున్నా" అన్నాను. ఆ తర్వాత రోజూ అన్నాను.

పదకొండో రోజు బావగారు సెలవు పెట్టి అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నమైనా కబురు లేదు. ఫోను చేద్దామని తీసి మళ్ళీ పక్కన పెట్టేశాను. ఒకే బొత్తాన్ని మూడుసార్లు తప్పుగా కుట్టి మూడుసార్లు ఊడదీశాను.

మూడింటికి కొట్టు తలుపు తెరుచుకుంది. అక్క. ఒంటి మీద ఆ ముడతల చొక్కానే ఉంది. వెనకాల బావగారు గుమ్మంలోనే ఆగి అటు తిరిగి నిలబడ్డారు. ఆ వీపు చూడగానే బల్ల అంచు పట్టుకున్నాను.

అక్క తిన్నగా బల్ల దగ్గరికొచ్చి, పుస్తకం తెరిచి, తన పేజీ తీసింది. నా మెడలోంచి టేపు లాగి తన ఛాతీ చుట్టూ వేసుకుంది. ఎడమ చెయ్యి సరిగా లేవక, కుడిచేత్తోనే తంటాలు పడింది. నేను సాయం పట్టాను.

"రాసుకో" అంది.

చేతికందిన పెన్సిల్ తీశాను.

"అది కాదే. పెన్ను తియ్యి."

ఏదో మాడిన వాసన వచ్చింది. పెద్దమ్మ పెట్టెని ఎవరిదో చొక్కా మీదే వదిలేసి, రెండు చేతులతో మొహం కప్పుకుని నిలబడి ఉంది.

"మళ్ళీ కోయక్కర్లేదట, కానీ ఇంకా రేడియేషన్ ఉందట. మూడు నెలలకోసారి చూపించుకోవాలట. రేపేమవుతుందో నాకూ తెలీదు" అంది అక్క. "అయినా నేను పెద్దదాన్ని కదే. పెన్నుతోనే రాయి."

పాత అంకె మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన కొత్తది రాశాను. కన్నీళ్ళు పడి అంకె అలుక్కుపోతే, మళ్ళీ రాయమని అక్క నన్ను తిట్టింది.