ఒప్పుకుంది

దొరల కాలంలో మా బరంపురం రైలు గ్యాంగుకొక మేస్త్రి ఉండేవాడు. రైలు పట్టాను బిగించే చెక్క చీల కుదిరితే ఆయన "సరిపోయింది" అనడు. సుత్తి దించి, పెళ్లి కుదిరినంత సంబరంగా "ఒప్పుకుంది" అనేవాడు.

అప్పట్లో ఒక్కో గ్యాంగు చీలది ఒక్కో కొలత. మా మేస్త్రి తన చీలనొకటి పక్క గ్యాంగైన ఛత్రపురం మేస్త్రికిచ్చి, ఇదే కొలతకు చెక్కమన్నాడు.

"దొరగారి హుకుమేది?" అన్నాడాయన.

"హుకుం నేదు బావా. నచ్చితే సెయ్యి."

ఆయన చీల మొలలో దోపుకుని వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం వరదకు మా చీలలు కొట్టుకుపోయాయి. మెయిలు బండి సిగ్నలు దగ్గర ఆగిపోయింది. ఛత్రపురం మేస్త్రే ట్రాలీలో గంపెడు చీలలు తెచ్చాడు. మా మేస్త్రి ఒకటి తీసి కొడితే ఒక్క దెబ్బకే కూర్చుంది.

చీలవైపు చూడనైనా లేదు మా మేస్త్రి. ఛత్రపురం మేస్త్రి మొహంలోకి చూసి, పకపకా నవ్వి, "ఒప్పుకున్నావు బావా" అన్నాడు.