కుర్చీల గొడవ తరువాత

క్లాసుల్లోంచి కుర్చీలన్నీ తీయించేశాడు బడి కరస్పాండెంటు. టీచర్లు కూర్చుంటే పిల్లలకు చదువు అబ్బదట. ఆయనకు మాత్రం గిరగిరా తిరిగే కుర్చీ లేకపోతే ఊపిరాడదు. నిండు చూలాలైన సైన్సు టీచరు గోడ పట్టుకుని పాఠం చెబుతుంటే చూడలేక, లెక్కల టీచరు తన క్లాసులో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఫీజులు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రులు కిటికీలోంచి చూసి విస్తుపోయారు.

"లే! నా పరువు తీస్తున్నావు!" గుమ్మంలో చిందులు తొక్కాడు కరస్పాండెంటు.

"పరువు కూడా కుర్చీలతోపాటే స్టోరు రూములో పడేయించారేమో, చూసుకోండి సార్" అంది ఆమె, లేవకుండానే.

మధ్యాహ్నానికి కుర్చీలు తిరిగొచ్చాయి. వాటిని తుడిచి వేసిన ముసలి ఆయమ్మ ఆ పూటంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ తరువాత కరస్పాండెంటు అరవడం మానేశాడు. ఆయమ్మకు గుండెల్లో రాయి పడింది అప్పుడే. కాన్పుకు వెళ్లిన సైన్సు టీచరును మళ్లీ రావద్దన్నారు. మిగతావాళ్లను ఒక్కొక్కరినే గదిలోకి పిలిచారు. బయటికొచ్చినవాళ్లు లెక్కల టీచరు పక్కన కూర్చుని తినడం మానుకున్నారు. స్టాఫ్ రూము గుమ్మం మీద కెమెరా వెలిసింది.

"ప్రైవేటు బడుల ఉద్యోగుల సంఘం తరఫున ఈ బడికో ప్రతినిధి ఉండాలి. లేకపోతే మనల్ని ఇలాగే ఏరేస్తారు" అని లెక్కల టీచరు పట్టుబట్టింది. దర్జీ కూతురు, కుట్టుమిషను రొదలో చదువుకుని పైకొచ్చిన మనిషి, అరుపులకు బెదిరే రకం కాదు. అలాంటిది ఈమధ్య మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోతోంది.

ఎన్నిక ఈ సాయంత్రమే, పై అంతస్తులోని స్టాఫ్ రూములో, అందరి ఎదుట. నిలబడేది లెక్కల టీచరే. సంఘంలో ఉన్నవాళ్లలో ఇంకొకరు చెయ్యెత్తి బలపరచకపోతే ఆమె పేరు నిలవదు. బలపరుస్తానని మాటిచ్చిన డ్రాయింగు మాస్టారు పొద్దున్నే కడుపునొప్పని సెలవు పెట్టాడు.

చివరి గంట కొట్టబోతున్న ఆయమ్మ దగ్గరికి లెక్కల టీచరు వచ్చి నిలబడింది. ఆయమ్మను సంఘంలో చేర్పించింది ఈమే. ఎందుకొచ్చిందో అడక్కుండానే ఆయమ్మకు అర్థమైంది. ఉద్యోగం పోతే గేటు పక్కన రేకుల గదీ పోతుంది. తల దాచుకోవడానికి ఇంకో చోటు లేదు.

"డ్రాయింగు మాస్టారుకు కడుపునొప్పేంటమ్మా, నిన్న నా ఎదురుగానే ఇద్దరి అన్నం లాగించాడుగా!" అంది ఆయమ్మ.

టీచరు నవ్వలేదు.

"నాకూ కాళ్లూ చేతులూ ఆడట్లేదు పెద్దమ్మా. గంట కొట్టి పైకి రా. గుమ్మంలో ఆగిపోకు, లోపలిదాకా రా. నేను నా పేరు చెప్పగానే, ఎవరి మొహమూ చూడకుండా నువ్వు చెయ్యెత్తాలి."